వెనకొచ్చిన అక్షరాలు

చేరిన మొదటి వారం
షంషాద్ మేడం అడిగింది:
"దేంట్లో రాస్తావబ్బీ?"

లాప్‌టాప్ ఆమెవైపు తిప్పాను.
నల్లటి నేల మీద ఊదా, పసుపు, చిలకపచ్చ;
కామా మరిచిపోతే కింద ఎర్ర గీత;
సగం మాట నేను రాస్తే
మిగతా సగం తనే రాసే ఎడిటర్.
కొత్త బండి కొన్నవాణ్ణి,
హారన్ కూడా వినిపించాలని ఉంది.

"బాగుందిలే," అంది.
"లైను తెగినప్పుడు ఏం చేస్తావు?"

ఇదీ ఒక ప్రశ్నేనా అనుకున్నాను.

అయినా ఆ నెలంతా ఎడిటర్లు మార్చాను,
కర్నూలు ఎండలో అద్దె ఇల్లు వెతికినట్టు.
ఒకటి రెండు జీబీల మెమరీ తిని
ఇంకా ఆకలిగా చూసేది.
ఒకటి తన మీటలన్నీ అడుగున రాసిపెట్టుకుని
కండక్టర్‌లా ప్రతి స్టాపూ అరిచి చెప్పేది.
మంచిదే పాపం,
పల్లెవెలుగులో ఎంత దూరమని పోతాం?
ఇంకోదానికి కంట్రోలూ ఆల్టూ షిఫ్టూ ఒకేసారి నొక్కాలి,
రాత్రికి నా చిటికెన వేలు వాచింది.

చివరికి మేడం వాడే వీఐలోకి వెళ్లాను.
బయటికి రావడం తెలియక
కంప్యూటరే ఆపేశాను.
ఎస్కేప్. కోలన్. క్యూ.
ఆ మూడు మీటలు చెప్పడానికి
ఆమె టీ మొత్తం తాగేదాకా ఆగింది.

ఉల్లిగడ్డల సీజను.
తెల్లవారుజామున మూడున్నర.
గుత్తిలో పెళ్లి చూసుకుని తిరిగొస్తున్నాను,
బస్సు అప్పుడే ప్యాపిలి దాటింది.
మార్కెట్ యార్డు నుంచి మద్దిలేటి ఫోను:
"సారూ, రెండో కాటాకు చీటీలు రాలేదు.
లారీలు గేటు బయటే నిలబడిండాయి.
చీటీ ల్యాకుంటే మూట ముట్టమంటాండారు హమాలీలు."

సర్వరు హైదరాబాదులో ఉందో ముంబైలో ఉందో
నాకే సరిగ్గా తెలీదు.
నా దగ్గరున్నది ఫోను, ఇరవై రెండు శాతం చార్జి,
గుట్టల మధ్య వచ్చీ పోయే ఒక్క గీత సిగ్నలు.
పక్క సీటాయన నా ఎడమ భుజం మీద నిద్రపోతున్నాడు.
మిగిలింది ఒక బొటనవేలు.

రంగుల ఎడిటర్ ఇంట్లో ఉంది.
సర్వర్లో ఏముంది?
వీఐ ఉంది.
ఏ ఊరి టీ బంకులోనైనా అగ్గిపెట్టె ఉన్నట్టు
అది అక్కడ ఉంటుంది,
ఎవరూ పెట్టకపోయినా.

ఫైలు తెరుచుకుంది, వరుస వెంట వరుస,
తడిసిన గోడ మీద సున్నం ఆరినట్టు నిదానంగా.
తప్పు కనబడింది.
ప్రింటరు పేరు కాటా టూ.
దాని వెనక ఒక తోక: అండర్‌స్కోరు, ఓల్డ్.
ఎవడురా వీడు అని తిట్టబోయి
తారీకు చూశాను.
నిన్న సాయంత్రం ఐదింటికి, పెళ్లికి బయల్దేరే తొందరలో,
సగం మాట రాసింది నేనే.
మిగతా సగం
అది రాసింది.

స్లాష్ కొట్టి ఆ తోకను వెతికాను.
తెర కదల్లేదు.
నాలుగు. ఎక్స్.
తెర కదల్లేదు.
కరెంటు పోయిన ఇంట్లో మెట్లు దిగుతూ
అడుగులు లెక్కపెట్టుకున్నట్టు
కోలన్, డబ్ల్యూ, క్యూ,
ఎంటర్.

ఎనిమిది సెకన్లు.
బస్సు ఒక గుంతలో పడి లేచింది,
పక్కాయన తల లేచి మళ్లీ నా భుజాన్నే వెతుక్కుంది.
అప్పుడొచ్చాయి నా అక్షరాలు,
నా వేళ్ల వెనక పరుగెత్తి
ఒకదాన్నొకటి తోసుకుంటూ,
నేను నొక్కినవి నొక్కినట్టే.

ముందొచ్చిన చెవుల కన్నా
వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు.
కావచ్చు.
ఆ రాత్రి నన్ను ఆదుకున్నవి చెవులే.

మద్దిలేటి మళ్లీ ఫోను చేసి ఏమీ మాట్లాడలేదు.
ఫోనును ప్రింటరు దగ్గర పెట్టాడు.
కిర్రు, కిర్రు, కిర్రు.

ఇప్పటికీ ఆఫీసులో రంగులదే వాడతాను.
మాట పూర్తిచేసే అలవాటు మాత్రం మాన్పించాను.
మేడం చూసింది, ఏమీ అనలేదు,
టీ తాగుతోంది.

మొన్న మద్దిలేటికి మెసేజ్ పెట్టాను,
ఈరోజు ఉల్లి రేటెంత అని.
బొటనవేలు తనకు తానే చివర
కోలన్, డబ్ల్యూ, క్యూ కొట్టింది.

రేటు చెప్పి అడిగాడు:
"ఆ కడాకు రాసింది
ఏ గ్రేడు గడ్డ సారూ?
మన యార్డుకు ఎప్పుడూ రాలేదే."